బావిలోకి చదివిన పుస్తకం

ఉమాపతికి వచ్చిన కష్టం చెప్పుకుంటే నవ్వుతారు, చెప్పుకోకపోతే అన్నం సయించదు. ఇరవై ఏళ్లుగా చదువు చెబుతున్న మనిషి. అతని శిష్యులు పుస్తకం పడితే ఒక్క అక్షరం తప్పరు. అందులో ఏముందని అడిగితే మాత్రం గోడకేసి చూస్తారు.

మరీ గట్టిగా అడిగితే తాత్పర్యం చెబుతారు. అది ఉమాపతి చెప్పిన తాత్పర్యమే. దాన్ని కూడా వాళ్లు కంఠతా పట్టారు.

నల్లగుండ్ల మఠంలో బడి ఎండాకాలం మూడు నెలలే నడిచేది. అప్పుడు సేద్యం పనులు ఉండవు కాబట్టి గొర్రెలు కాసేవాళ్లు, రాళ్లు కొట్టేవాళ్లు, కూలికి పోయేవాళ్లు వచ్చి మఠంలోనే ఉండి చదువుకునేవారు. రెండు పూటలా సంకటి ముద్ద, పచ్చడి మఠమే పెట్టేది. ఆ ఏడు పదకొండు మంది వచ్చారు. అందరిలోకి పెద్దది హనుమక్క. యాభై దాటింది. గొర్రెల మందను కోడలికి అప్పజెప్పి, పలక కొనుక్కుని వచ్చింది. రాళ్లు కొట్టే ఓబులేసు పాతికేళ్లవాడు, ఏ పనికైనా ముందు దూకుతాడు. బండి తోలే ఫకీరప్ప ఏ మాటకైనా అడ్డం వాదిస్తాడు. మిగిలిన ఎనిమిది మందీ ఈ ముగ్గురి వెనకాల నడిచేవాళ్లు.

వాళ్లకు చదివించే పుస్తకం కథ కాదు, పద్యం కాదు. మఠం బావి తవ్విన ఎల్లప్ప చెబుతూ ఉంటే ఎవరో కూర్చుని రాసిపెట్టిన మాటలు. బావి ఎట్లా కట్టారు, పూడిక ఎట్లా తీయాలి, ఊట ఎక్కడుంది, అంతే. ఎల్లప్ప పోయి మూడు తరాలయింది. ఈలోగా ఆ పుస్తకం పసుపు గుడ్డలోకి ఎక్కింది, చందనపు పెట్టెలోకి ఎక్కింది, సోమవారం సోమవారం సాంబ్రాణి పొగ పట్టించుకుంది. దండం పెట్టే పుస్తకాన్ని ప్రశ్న అడిగేదెవరు?

ఉమాపతిది మంచి గొంతు. ఉత్త వచనమైతే శిష్యుల నోట నిలవడం లేదని పుస్తకం మొత్తానికి రాగం కట్టాడు. 'దీపం ఆరిన చోటికి మనిషి దిగరాదు' అనే వాక్యం అందులో రెండు చోట్ల వస్తుంది. రెండుసార్లు వచ్చిందంటే అదే పల్లవి అనుకున్నాడు. దానికి అన్నిటికంటే తియ్యటి బాణీ పెట్టాడు. 'దిగరాదూ' అని పైకి లాగేటప్పుడు పదకొండు తలలూ ఒక్కసారిగా ఊగేవి. సోమవారం వచ్చే భక్తులు కళ్లు తుడుచుకునేవారు. ఆ బాణీ అంటే ఉమాపతికి కాస్త గర్వం కూడా. దాన్ని దాచుకున్నదీ లేదు.

ఆ ఏడు బావి అడుగంటింది. చేద వేస్తే చెంబెడు నీళ్లు, దోసెడు బురద. ధర్మకర్త కొండప్ప వచ్చి లోపలికి తొంగి చూశాడు.

"పున్నమి దాకా ఆగుతా. అప్పటికీ నీళ్లు రాకపోతే బడికి తాళం ఏసేస్తాం. ఇంతమందికి నేను యాడ నుంచి తెచ్చేది?" అని వెళ్లిపోయాడు.

పున్నమి ఎనిమిది రోజుల్లో ఉంది. పూడిక తీయడానికి రమ్మని పక్క ఊళ్లో అడిగితే, నలభై ఏళ్లుగా మనిషి దిగని బావిలోకి మేము దిగమన్నారు. తాళం ఒకసారి పడితే మళ్లీ తీసేవాడు ఉండడని ఉమాపతికి తెలుసు. హనుమక్కలాంటి మనిషిని చేర్చుకునే బడి ఆ చుట్టుపక్కల ఇంకొకటి లేదని కూడా తెలుసు.

ఆ దిగులుతోనే గురువు నంజుండయ్య దగ్గరికి వెళ్లాడు. ఆయనకు ఎనభై ఏళ్లు. మాట తక్కువ, ఆకలి ఎక్కువ. అప్పుడు కూడా వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చున్నాడు.

"స్వామీ, మిగిలిన ఎనిమిది రోజుల్లోనైనా వీళ్లకు చదువు ఒంటబట్టించాలని ఉంది. అక్షరం వచ్చింది, అర్థం రావడం లేదు. లోపం వాళ్ల బుర్రల్లోనే ఉందేమో" అన్నాడు ఉమాపతి.

"ఏం చదివిస్తాండావు?"

"బావి పుస్తకం."

"యాడ కూర్చోబెట్టి?"

"మంటపంలో, స్వామీ. చల్లగా ఉంటుందని."

నంజుండయ్య ఇంకో కాయ ఒలిచి నోట్లో వేసుకున్నాడు. "రేపు బావి గట్టున చదివించు. తాడు తెచ్చుకోండి" అన్నాడు.

గురువు మాటకు ఎదురు చెప్పే అలవాటు ఉమాపతికి లేదు. ఎండలో చదువేమిటని లోపల లోపల గొణుక్కుంటూ వచ్చేశాడు.

మర్నాడు పొద్దున పదకొండు మందీ బావి గట్టున చేరారు. నంజుండయ్య కర్ర పట్టుకుని వచ్చాడు.

"బావి ఉండాది. పుస్తకం ఉండాది. మీరు ఉండారు. ఇంక పూడిక తీయండి" అన్నాడు.

ఓబులేసుకు ఆ మాత్రం చాలు. పంచె ఎగ్గట్టి తాడు ఒక కొసను గట్టు మీది రాతి స్తంభానికి బిగించాడు. ఉమాపతి పసుపు గుడ్డ విప్పి పుస్తకం తీశాడు. పాట మొదలైంది. ఓబులేసు అందరితోపాటు పాడుతూనే రెండో కొసను నడుముకు చుట్టుకున్నాడు. పల్లవి వచ్చేసరికి వాడి కాలు ఒకటి బావిలోపలి రాయి మీద ఉంది.

మిగతా తాడంతా గట్టు మీద చుట్టగా పడి ఉంది. నంజుండయ్య మెల్లగా వచ్చి ఆ చుట్ట మీద చతికిలబడ్డాడు.

తాడు బిగుసుకుంది. ఓబులేసు తల తిప్పి చూశాడు.

"తాతా, తాడు మీద కూర్చుంటివి."

"ఔనా? మోకాళ్లు పీకతాండాయి నాయనా. పాట బాగుండాది. ఇంగోసారి పాడండి."

పాడారు. ఓబులేసు రెండో కాలు పెట్టబోయాడు. తాత లేవలేదు. ఇంకోసారి పాడమన్నాడు. బాణీలో ఏదో లోపం ఉండబట్టే గురువుగారు లేవడం లేదని ఉమాపతికి అనుమానం వచ్చింది. ఈసారి పల్లవికి రెండు సంగతులు ఎక్కువ వేశాడు. తాతకు కునుకు పట్టినట్టుందని ఫకీరప్ప పక్కవాడి చెవిలో అన్నాడు. ఎండ చురుక్కుమంటోంది.

మూడోసారి పల్లవి పైకి ఎక్కుతుండగా హనుమక్క పాడడం మానేసింది. చుట్టూ గొంతులు సాగిపోతూనే ఉన్నాయి. ఆమె బావిలోకి తొంగి చూసింది. తల ఎత్తి సూర్యుణ్ని చూసింది.

"తాతా, పట్టపగలు గదా. బాయిలోకి దీపం ఏమిటికి?"

పాట తెగిపోయింది. "హనుమక్కా, మధ్యలో ఆపకూడదు" అన్నాడు ఉమాపతి.

నంజుండయ్య గభాలున లేచాడు. మోకాళ్ల నొప్పి ఎటు పోయిందో మరి. "ఆపింది! ఇంతసేపటికి ఒక్కరు ఆపినారు!" అన్నాడు. మనవడు పుట్టాడన్న కబురు విన్నవాడిలా ఆయన ముఖం వెలిగిపోతోంది.

అప్పుడు దీపం తెచ్చారు. ప్రమిదను చేదలో కుదురుగా పెట్టి దించారు. పెద్ద పెద్ద రాళ్లు వరసలు వరసలుగా పేర్చిన బావి అది. ఒక్కో వరసా దాటుతుంటే హనుమక్క వేళ్ల కణుపుల మీద లెక్క పెట్టింది. పది దాకా దీపం నిటారుగా వెలిగింది. పదకొండో వరస దగ్గర చిన్నబోయింది. పన్నెండో వరస దగ్గర ఆరిపోయింది.

గాలి లేదు. చినుకు లేదు. పైకి లాగి మళ్లీ వెలిగించి దించారు. మళ్లీ పన్నెండో వరస దగ్గరే ఆరింది.

ఓబులేసు నడుముకున్న ముడి విప్పుకోబోయాడు. ముడి రాలేదు. ఫకీరప్ప వెళ్లి విప్పాడు.

ఉమాపతి నంజుండయ్య వైపు తిరిగాడు. "స్వామీ, మీకు తెలుసు. ముందే చెప్పి ఉండొచ్చు కదా" అన్నాడు.

"ఎల్లప్ప ముందే చెప్పినాడు కదప్పా" అన్నాడు నంజుండయ్య.

ఉమాపతి చేతిలో పుస్తకం తెరిచే ఉంది. దీపం ఆరిన చోటికి మనిషి దిగరాదు. ఆ వాక్యం పాడుతూ పాడుతూ ఒక మనిషి చావులోకి కాలు పెట్టాడు. పాడించింది తను. అందరూ తలలు ఊపేట్టు బాణీ కట్టింది తను. సిగ్గుతో ఉమాపతి చెవులు కాలిపోయాయి.

కాసేపటికి తేరుకుని గట్టు పక్కన పందిరి నీడలో అందరినీ కూర్చోబెట్టాడు. "మొదటినుంచి చదువుదాం. ఏ మాట దగ్గర ఎవరికి ఏం తోచినా ఆపండి" అన్నాడు.

ఇక చూడాలి. ఇన్నేళ్లుగా గంటలో పూర్తయ్యే పుస్తకం ఆ రోజు పొద్దుగూకేదాకా నాలుగు పుటలు దాటలేదు.

వేపమండలు మోపు కట్టి దించి ఎత్తాలని ఉంది. ఎందుకని అడిగారు. లోపల నిలిచిపోయిన చెడుగాలి కదలడానికని ఓబులేసే చెప్పాడు. విసనకర్రతో పొయ్యి దగ్గర పొగ తోలినట్టే కదా అన్నాడు. అది ఉమాపతి తాత్పర్యంలో లేదు. వాడి సొంతం.

మోపు చిన్నదైతే చాలదా అన్నాడు ఫకీరప్ప. 'బావి నోరు నిండేంత మోపు' అని అవతలి పుటలో ఉందని హనుమక్క వేలు పెట్టి చూపించింది. అట్లా ముందు పుటలోని మాటకు వెనక పుటలో జవాబు దొరకడం ఉమాపతి ఎప్పుడూ చూడలేదు. పాటలో వెనక్కి తిరగడం ఉండదు కదా.

తర్వాత ఆ వాక్యం రెండోసారి వచ్చింది. దానికి ముందు ఇలా ఉంది: 'నిన్న దీపం నిలిచింది కదా అని నేడు అట్లే దిగవద్దు. ప్రతి దినమూ దించి చూడవలెను. దీపం ఆరిన చోటికి మనిషి దిగరాదు.'

హనుమక్క ఆ వాక్యాలను వేలు పెట్టి మళ్లీ చదివింది.

"అయ్యోరా, ఈ ఎల్లప్ప ఎవరినో పోగొట్టుకున్నాడు" అంది ఉమాపతితో.

"పుస్తకంలో ఆ మాట లేదే" అన్నాడు ఫకీరప్ప.

"లేదు. కానీ చూడు. కొలతలన్నీ ఒక్కసారే చెప్పినాడు. రాళ్ల లెక్క ఒక్కసారే చెప్పినాడు. ఇది మాత్రం రెండుసార్లు చెప్పినాడు. మొదటి దినం మంచిగా దిగినోడు రెండో దినం పోయినాడేమో. లేకుంటే నిన్న, నేడు అని ఏమిటికి రాయిస్తాడు?"

ఓబులేసు తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. మూడు తరాల కిందటి మనిషి ఎవరో ఆ పందిరి కింద తమ పక్కనే కూర్చుని మాట్లాడుతున్నట్టు అందరికీ అనిపించింది. దూరంగా కూర్చున్న నంజుండయ్య వేరుశనక్కాయలు ఒలవడం ఆపి వింటున్నాడు.

రెండో రోజు వేపమండల మోపు దించి ఎత్తడం మొదలుపెట్టారు. వంతులు వేసుకుని నూరు సార్లు ఎత్తి దించారు. దీపం పదమూడో వరస దాకా వెళ్లి ఆరింది. ఇంకో నూరు సార్లు ఎత్తారు. సాయంత్రానికి దీపం కింద బురద దాకా వెళ్లి, అక్కడ నిలిచి వెలిగింది. పైనుంచి చూస్తే లోపల ఎర్రటి చుక్క. పదకొండు మందీ ఈలలు వేశారు. ఈల వేయడం మఠం మర్యాద కాదని చెప్పబోయి ఉమాపతి ఊరుకున్నాడు.

ఇంతలో కొత్త చిక్కు వచ్చింది. 'ఊట ఆరో వరసలో, తూర్పు వైపు' అని ఉంది. ఏ వైపు నుంచి లెక్క పెట్టాలో ఎల్లప్ప చెప్పలేదు.

"ఎవడైనా పైనుంచే లెక్క పెడతాడు" అన్నాడు ఫకీరప్ప.

"పైనుంచి ఆరో వరస అదిగో. చేత్తో అందేట్టుండాది. అక్కడ ఊట ఉంటే మనకీ తిప్పలెందుకు?" అన్నాడు ఓబులేసు.

"అప్పుడు నీళ్లు అంత మీదికి ఉండేవేమో. నువ్వు చూసినావా?"

వాదన ముదిరింది. ఇద్దరూ ఉమాపతి వైపు తిరిగారు. ఇరవై ఏళ్లుగా ఏ ప్రశ్న వచ్చినా తాత్పర్యం చెప్పిన ఉమాపతి మొదటిసారి ఒక మాట అన్నాడు.

"నాకూ తెలీదు. వెతుకుదాం."

ఆ మాటకు అతని ప్రాణం కాస్త తేలికైంది. అందరూ పుస్తకం మీద వంగారు. వెతగ్గా వెతగ్గా హనుమక్కకు దొరికింది. 'మూడో వరస రాళ్లకు పాచి పడుతుంది, అక్కడ కాలు ఆనించవద్దు' అని ఇంకెక్కడో ఉంది.

"పాచి పట్టాలంటే ఎప్పుడూ నీళ్లలో ఉండాల గదా. పైనుంచి మూడో వరసకు పాచి యాడిది? ఎల్లప్ప కిందినుంచి లెక్క పెట్టినాడు. కట్టుకుంటా పైకి వచ్చినోడు కదా, ఆయనకు అడుగు వరసే ఒకటి" అంది.

మొత్తం వరసలు ఇరవై అని మొదటి పుటలోనే ఉంది. కిందినుంచి ఆరు అంటే పైనుంచి పదిహేను. పైనుంచి పదమూడు వరసలే కనిపిస్తున్నాయి. మిగిలింది పూడికలో ఉంది. అంటే రెండు వరసల లోతు పూడిక తీస్తే ఊట రాయి బయటపడుతుంది.

"ఒప్పుకుంటివా?" అని ఓబులేసు ఫకీరప్పను మోచేత్తో పొడిచాడు.

"ఎల్లప్ప చెప్పినాడు కాబట్టి ఒప్పుకుంటాండా. నువ్వు చెప్పినావని కాదు" అన్నాడు ఫకీరప్ప.

మూడో రోజు నుంచి పని మొదలైంది. రోజూ ముందు దీపం, తర్వాత మనిషి. ఓబులేసు, హనుమక్క లోపలికి దిగారు. హనుమక్కను వద్దన్నారు. "గుట్టల్లో సందుల్లో ఇరుక్కున్న గొర్రెపిల్లల్ని తీసినదాన్ని, నాకేం భయం" అని కొంగు నడుముకు దోపుకుని దిగింది. పైన ఫకీరప్ప, మిగతావాళ్లు బురద గంపలు లాగుతున్నారు. ఉమాపతి గట్టున నిలబడి పుస్తకం చదువుతున్నాడు, లోపలివాళ్లకు వినపడేట్టు.

పాత అలవాటు ఎక్కడికి పోతుంది? రాగం తీశాడు. బావిలో రాగం గోడ గోడకూ కొట్టుకుని గుమ్మటంలో గబ్బిలాల మోత అయింది.

లోపలినుంచి హనుమక్క కేక వేసింది. "అయ్యోరా! రాగం వద్దు, మాట చెప్పండి!"

గట్టు మీదివాళ్లు నవ్వు ఆపుకున్నారు. ఉమాపతి ముఖం ఎర్రబడింది. ఆ రాగం కోసం ఎంత దూరం నుంచో జనం వచ్చేవారు. అయినా గొంతు సవరించుకుని మాట మాత్రమే చెప్పాడు. నెమ్మదిగా, ఒక్కొక్కటిగా. "గోడకు ఆనుకున్న బురద ముందు తీయవద్దు. నడుమ గుంట చేసి అటు లాగవలెను."

"ఎందుకు?" అని లోపలినుంచి ఓబులేసు.

ఉమాపతి కింది వాక్యం చూశాడు. "గోడ పక్కన తీస్తే రాయి కదులుతుంది అంటున్నాడు."

"సరే! నడుమ తీస్తాండాం!"

చదివిన మాట బావిలోకి వెళ్లి పనిగా మారుతోంది. గంప పైకి వస్తోంది. ఉమాపతి ఆ గంపనే చూశాడు. ఇన్నేళ్లలో తను చదివిన ఏ మాటా ఎక్కడికీ వెళ్లలేదు. మంటపం కప్పుకు తగిలి మళ్లీ తన చెవికే వచ్చేది.

ఏడో రోజు మధ్యాహ్నానికి పదిహేనో వరస బయటపడింది. తూర్పు వైపు రాయిలో ఊట కన్నం ఎల్లప్ప చెప్పిన చోటే ఉంది. ఓబులేసు అందులోకి చెయ్యి పెట్టాడు. చెయ్యి నిండా పొడి ఇసుక వచ్చింది.

"ఎండిపోయింది అయ్యోరా" అన్నాడు. కేక కూడా వేయలేదు. అయినా అందరికీ వినపడింది.

పైన గంపలు లాగే చేతులు ఆగిపోయాయి. మర్నాడే పున్నమి. ధర్మకర్త తాళంకప్ప తెస్తాడు. "పుస్తకం అబద్ధం చెప్పింది" అన్నాడు ఫకీరప్ప నీరసంగా. ఉమాపతి గట్టు మీద కూలబడి నంజుండయ్య వైపు చూశాడు. ఆయన కళ్లతో పుస్తకం వైపు చూపించాడు, అంతే.

"చదవండి అయ్యోరా. ఇంకా పుటలు ఉండాయి గదా" అని లోపలినుంచి హనుమక్క గొంతు.

ఉమాపతి పుట తిప్పాడు. చివరి పుటల్లోని మాటలకు చక్కటి బాణీ కుదరలేదని తను పాటలో గబగబా దాటించేసేవాడు. ఇప్పుడు ఒక్కో మాటా విడమరిచి చదివాడు.

"ఊట దారి మార్చుకుంటుంది. మనిషికి చెప్పి మార్చుకోదు. అయితే రాయి చెమ్మను దాచలేదు."

లోపల చప్పుడు లేదు. ఉమాపతి గట్టు మీదినుంచి సగం ఒంగిపోయి చూస్తున్నాడు. అంత లోతున వాళ్లు ఏం చేస్తున్నారో కనపడదు.

"ఉత్తరం పక్క!" హనుమక్క అరిచింది. "అయ్యోరా, ఉత్తరం పక్క ఒక రాయి! ఓబులేసూ, గునపం ఇటు తే!"

గునపం దెబ్బలు పడ్డాయి. ఒకటి, రెండు, పది. రాయి కదిలిన చప్పుడు. ఆ వెంటనే ఇంకో చప్పుడు వచ్చింది. అదేమిటో గట్టు మీద ఎవరికీ చెప్పక్కర్లేదు. కరువు నేలలో పుట్టిన ప్రతివాడికీ ఆ చప్పుడు తెలుసు.

"నీళ్లు!" అన్నాడు ఓబులేసు. ఆ తర్వాత వాడు అన్నదంతా నవ్వు, ఏడుపు కలిసిపోయి ఎవరికీ అర్థం కాలేదు. వాళ్లిద్దరినీ పైకి లాగేసరికి హనుమక్క చీర మోకాళ్ల దాకా తడిసి ఉంది. ఫకీరప్ప ఆమె ముందు సాష్టాంగపడ్డాడు. తర్వాత పుస్తకానికి దండం పెట్టాడు. అబద్ధం అన్నానని చెంపలు వేసుకున్నాడు. ఎవరో పల్లవి ఎత్తుకోబోతే ఓబులేసు వాడి నోరు మూశాడు. దానికి అందరూ పడీ పడీ నవ్వారు. ఉమాపతి అందరికంటే ఎక్కువ నవ్వాడు.

మర్నాడు పొద్దునే ధర్మకర్త కొండప్ప పెద్ద తాళంకప్ప పట్టుకుని వచ్చాడు. చెంబుతో నీళ్లు ఇచ్చారు. తాగాడు. ఇంకో చెంబు అడిగి తాగాడు. "మూడు నెలలేనా బడి? ఏడాది పొడుగునా నడపకూడదా?" అని తాళంకప్ప బొడ్లో దోపుకుని వెళ్లిపోయాడు.

ఆయన వెళ్లాక నంజుండయ్య పుస్తకం తెప్పించాడు. చివర రెండు పుటలు ఖాళీగా ఉన్నాయి. సిరా, కలం హనుమక్క ముందు పెట్టాడు.

"రాయి" అన్నాడు.

"స్వామీ, అది ఎల్లప్ప పుస్తకం. మనం రాయవచ్చునా?" అన్నాడు ఉమాపతి.

"ఎల్లప్ప తూర్పు అన్నాడు. ఇప్పుడు ఉత్తరం అయింది. రేపు దిగేవానికి ఎవరు చెప్పాల?"

హనుమక్క కలం పట్టుకుంది. వంకర టింకర అక్షరాలతో, నాలుక పళ్ల మధ్య పెట్టుకుని చాలాసేపు రాసింది. రాసి ఉమాపతికి ఇచ్చింది.

పదకొండు మందీ చుట్టూ మూగారు. ఉమాపతి పుట వైపు చూశాడు. అలవాటు చొప్పున గొంతు సవరించుకున్నాడు. రాగం నోటి దాకా వచ్చింది. మింగేసి, మామూలు గొంతుతో చదివాడు.

"తూర్పు ఊట ఎండిపోయింది. పైనుంచి పదిహేనో వరసలోనే ఉత్తరం పక్క రాయి చెమ్మగా ఉండింది. గునపం వేసి తీసినాము. నీళ్లు వచ్చినాయి."

అందరూ భేష్ అనబోయారు. ఉమాపతి చెయ్యి ఎత్తాడు. కనుబొమలు ముడిపడ్డాయి. మళ్లీ మొదటినుంచి చదువుకున్నాడు, ఈసారి పెదవులు కదలకుండా.

"హనుమక్కా, అంత లోతున చీకటి కదా. రాయి చెమ్మగా ఉందని నీకు ఎట్లా తెలిసింది?"

"తడిమినాను అయ్యోరా. అన్ని రాళ్లూ తడిమినాను. అరచెయ్యి ఎండిపోయి గరుకుగా ఉండె, తెలిసిరాలా. చెయ్యి తిప్పి వెనకపక్కతో తాకితే చల్లగా తగిలింది."

"మరి ఆ మాట ఇందులో లేదే. నాకు తెలీలేదు."

హనుమక్క పుస్తకం వెనక్కి తీసుకుంది. రాసినదాని కింద ఇంకో వాక్యం చేర్చింది. 'చీకట్లో చేతి వెనకపక్కతో తాకి చూడండి.' ఉమాపతి అది చదివాడు. తన కుడిచేతిని తిప్పి, ఆ వెనకపక్కతో బావి గట్టు రాయిని తాకి చూశాడు.

నంజుండయ్య అంతా చూస్తూనే ఉన్నాడు. లేచి లోపలికి వెళ్లి, గుప్పిట మూసుకుని వచ్చాడు. శిష్యులందరి ముందు ఉమాపతి చెయ్యి పట్టుకుని, అందులో బెల్లం ముక్క పెట్టాడు. పలక పట్టి మొదటి అక్షరం దిద్దిన రోజు పిల్లలకు పెడతారే, అంతే ముక్క.

ఉమాపతికి నలభై ఆరేళ్లు. కళ్లలో నీళ్లు తిరుగుతుండగా ఆ బెల్లాన్ని నోట్లో వేసుకున్నాడు.